పొర లేచినాక

ఇడ్లీపాత్రలో నీళ్ళు మరుగుతున్నాయి, పిండి గరిటెలో ఉంది, గుడ్డ మాత్రం లేదు. దండెం మీద చూసింది, గిన్నెల బుట్ట కింద చూసింది. అరుణకుమారి చేయి కొంగుకు తుడుచుకుని పెరటి గుమ్మంలోకి వచ్చి కేకేసింది.

"బావా, ఇడ్లీ గుడ్డ తీసినావా?"

పెరటి చివర రేకుల షెడ్డులో ఆకురాయితో ఇనుము గీకుతున్న చప్పుడు ఆగలేదు.

"నిన్నే!"

"ఏ గుడ్డ?"

"ఇడ్లీ గుడ్డ. తెల్లది. ఉతికి ఆరేసినా."

"ఓ, అదా." చప్పుడు ఆగింది. "పెట్రోలు వడగట్టినా. కార్బురేటర్లో నలుసు పడతాంది. ఇంట్లో అంత మెత్తని గుడ్డ ఇంకోటి లేదు గదా."

"ఇప్పుడు పిండి యాడ పొయ్యాల? నీ కార్బురేటర్లో పొయ్యాల్నా?"

"ఉతికిస్తాలే."

"ఉతికితే పోతాదా ఆ వాసన? మామ ఇడ్లీ తప్ప ఏం మింగగలడు?"

"ఒక్క గుడ్డకు ఇంత రాద్ధాంతమేంది అరుణా! దుకాణానికి పోయి వస్తా వస్తా తెస్తా."

"నువ్వు దుకాణానికి పోతే గదా తెచ్చేది."

జడ అల్లుకుంటూ వచ్చిన భవాని తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. ఇంటర్ రెండో సంవత్సరం. షెడ్డులో ఉన్న కారును అది చెల్లెలంటుంది. "పోనీలేమ్మా, చెల్లెలికి మూతి తుడిచినట్టుండాడు. నా లంగాలు గూడా దాచిపెట్టు, మెత్తగానే ఉంటాయి."

మురళీకృష్ణ షెడ్డులోంచి నవ్వాడు. అరుణకు నవ్వు రాలేదు. ముందు గదిలోంచి ఓబులయ్య గొంతు, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ, వినిపించింది.

"అమ్మీ... ఉప్మా చెయ్యి. తింటాలే. పొద్దున్నే... వాణ్ణి అనొద్దు."

ఓబులయ్య ఆమెకు మామ మాత్రమే కాదు, మేనమామ. గిద్దలూరులో ఉండే ఆమె తల్లి రాఘవమ్మకు సొంత అన్న. వయసులో ఉన్నప్పుడు మార్కాపురం పలక గనుల్లో రాయి చీల్చేవాడు. దిమ్మ అంచున ఉలి పెట్టి సుత్తితో చిన్నగా తడుతూ పోతే, పుస్తకంలో కాగితం లేచినట్టు రాయి పొరగా లేస్తుంది. లేవడం మొదలయ్యాక చేయి ఆపకూడదు. ఆపితే పొర అడ్డంగా విరిగి దిమ్మంతా పాడవుతుంది. గొంతెండినా, పక్కన ఎవరు పిలిచినా, పొర పూర్తిగా విడిపడే దాకా తలెత్తకూడదు. "పొర లేచినాక ఆపగూడదు" అని ఆయన కొడుక్కి అక్షరాలు దిద్దే వయసులోనే నేర్పాడు. ఆ పనితోనే సొంత షెడ్డు వేశాడు, బడిపలకలు లారీలకెత్తించాడు, కొడుకును డిగ్రీ దాకా చదివించాడు, చెల్లెలి కూతుర్ని కోడలిగా తెచ్చుకున్నాడు. ఆ పనే ఆయన ఊపిరితిత్తుల్లో రాతిపొడి నింపి, ఇప్పుడు ముందు గదిలో మంచానికి కట్టేసింది. మంచం పక్కన ఆక్సిజన్ మిషను రాత్రింబగళ్ళు గొణుగుతూ ఉంటుంది. ముక్కుకు సన్నటి గొట్టం. గొట్టం ఎంత పొడవుంటే ఆయన లోకం అంత.

షెడ్డుకు ఒకప్పుడు వేరే కరెంటు లైనుండేది. బడిపిల్లల చేతుల్లోంచి పలకలు పోయి షెడ్డు మూతబడినప్పుడు దాన్ని తీసేశారు. మురళీకృష్ణ ఇంట్లోంచి వైరు లాగి పని నడుపుతున్నాడు. చిన్న పనులకు ఇబ్బంది లేదు. రంగు కొట్టే కంప్రెసర్ వేస్తే మాత్రం ఇంట్లో ట్యూబులైటు మినుకుమంటుంది, ఆక్సిజన్ మిషను కీచుమని అరిచి ఆగిపోతుంది. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కంప్రెసర్ వేసే ముందు ఓబులయ్యను మూలనున్న సిలిండరు మీదికి మార్చాలి. నల్ల ఒళ్ళు, తెల్ల మెడ ఉన్న సిలిండరది. దాన్ని తిప్పే ఇనుప తాళంచెవిని అరుణ ఎర్ర దారంతో మంచంకోడుకు కట్టింది. పూజగదిలోని గంటను దిండు పక్కన పెట్టింది. ఊపిరి ఆడకపోతే మామ గంట కొట్టాలి, ఎవరెక్కడున్నా పరుగెత్తుకు రావాలి.

కార్ల పిచ్చి ఇంట్లోకి పిచ్చిలాగా రాలేదు. మొదటిది టాపు మడిచే పాత హెరాల్డ్. గిద్దలూరులో చింతపండు గోడౌనులో బస్తాల కింద దొరికింది. దాన్ని లారీ మీద తెచ్చినప్పుడు వీధి వీధంతా నవ్వింది. మురళీకృష్ణ పలకరాళ్ళు అమ్మే దుకాణం మూసి వచ్చాక సాయంత్రాలు దాంతో కూర్చునేవాడు. తుప్పు గీకాడు, రేకు అతికాడు, సీట్లు కుట్టించాడు. ఆఖరికి అది మెరుస్తూ వీధిలోకి వచ్చిన రోజు అరుణ పట్టుచీర కట్టుకుని పక్కన కూర్చుంది. జుట్టు ఎగురుతుంటే కంభం చెరువు దాకా పోయి వచ్చారు. తన మొగుడి చేతిలో ఇంత పనితనముందా అని ఆమెకు గర్వంగా ఉండింది. ఆ మాట ఆమె ఎప్పుడూ కాదనలేదు.

ఆ వారమే తెలిసింది అసలు సంగతి. కారు పూర్తయిన మర్నాటి నుంచి ఆయనకు అన్నం సహించలేదు. ఖాళీ షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పలకరిస్తే చెయ్యి మొద్దుబారినట్టుంది అనేవాడు. కారును ఎవరో అడగ్గానే ఇచ్చేశాడు, తాళాలిస్తూ దానివైపు చూడనైనా లేదు. ఆయనకు కావలసింది నడపడం కాదు, చెయ్యడం. చెయ్యడం అయిపోతే ఆ మనిషిలో ఏదో ఆరిపోతుంది. ఇంకో శిథిలం లారీ మీద దిగితేనే మళ్ళీ ఆకలి పుడుతుంది.

ఇప్పటిది రెండు సీట్ల విదేశీ స్పోర్ట్స్ కారు. నంద్యాలలో ఓ బంగళా వెనక కోళ్ళగూడుగా ఉండేది. తెచ్చిన రోజు సీటు కింద గుడ్డుపెంకులు దొరికాయి. నేలకు అతుక్కున్నట్టు ఎత్తు తక్కువగా ఉంటుంది, ముందు మూతి ఇంత పొడుగు. ఇది వచ్చాక ఆయన దుకాణానికి పోవడం తగ్గింది. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే షెడ్డులోకి నడిచాయి. అరుణ జుట్టు ఆరబెట్టుకునే మిషను లప్పం ఆరబెట్టడానికి పోయింది. మామ శాలువ సీటులోకి దూరింది. పళ్ళ బ్రష్షులు, పాత సబ్బుపెట్టెలు, భవాని జామెట్రీ పెట్టెలోని కొలబద్ద, చివరికి ఇడ్లీ గుడ్డ. అడిగితే ఒకటే మాట. "ఇంకొంచెమే అరుణా. కలరొక్కటి పడితే అయిపోయినట్టే."

రంగు కోసం ఆయన రోజును వెతుక్కుంటున్నాడు. మార్కాపురంలో దుమ్ములేని రోజెక్కడుంది? తడి పూత మీద ఒక్క రేణువు వాలినా కనపడుతుందట. వాన పడి దుమ్ము అణిగి, మర్నాడు గాలి లేకుండా ఎండ కాస్తే, అదీ రోజు. ఈ ముక్క ఆమెకు ఎన్నిసార్లు చెప్పాడో.

అరుణ అన్న కొడుక్కి గిద్దలూరులో పంచెల ఫంక్షన్ వచ్చింది. మామను విడిచి అందరూ పోలేరు. మురళీకృష్ణ ఉంటానన్నాడు, తల్లీకూతుళ్ళు పోయి రావాలని అనుకున్నారు. బయలుదేరే ముందు అరుణ గుమ్మంలో నిలబడింది.

"నేను వచ్చేదాకా కంప్రెసర్ ముట్టుకోగూడదు."

"ముట్టుకోను."

"బావా, నా మొగం చూసి చెప్పు."

"ముట్టుకోనంటి గదా! చిన్నపిల్లోడికి చెప్పినట్టు చెప్తావేంది?"

"చిన్నపిల్లోడైతే ఒక దెబ్బేసి పోదును," అంది భవాని చెప్పులేసుకుంటూ. ఓబులయ్య ముక్కుగొట్టం కదిలేంతగా నవ్వాడు.

వాళ్ళు గిద్దలూరు చేరిన సాయంత్రమే వాన పడింది. మర్నాడు భోజనాలయ్యాక తిరుగు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్న అరుణ, కంభం దాటాక బయటికి చూసి ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. చేలు కడిగినట్టున్నాయి. తుమ్మచెట్ల మీద ఆకు కదలడం లేదు. ఎండ కాస్తోంది.

"నాయనకు ఫోన్ చెయ్యి," అంది.

భవాని చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. "చేతులు ఖాళీ ఉండవేమోమ్మా," అని, ఆ మాట తానే విని ఊరుకుంది.

వీధి మలుపులోనే రంగు వాసన తగిలింది. ఆటో ఇంకా ఆగకముందే అరుణ దిగి నడిచింది. ఇంట్లో మిషను గొణుగుడు లేదు. ఆ గొణుగుడు వినపడని ఇల్లు ఆమెకు అపరిచితుల ఇల్లులా ఉంది. పెరటి వైపు నుంచి మాత్రం ష్‌ష్ అని, ఆగి, మళ్ళీ ష్‌ష్ అని చప్పుడు వస్తోంది.

ఓబులయ్య మంచం మీద ముందుకు వంగి, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఆనించి కూర్చుని ఉన్నాడు. భుజాలు పైకీ కిందికీ కొట్టుకుంటున్నాయి. పెదవులు పలకరంగుకు తిరిగాయి. గొట్టం సిలిండరుకే ఉంది. సిలిండరు మీద గాలి ఎంతుందో చూపే ముల్లు అడుగున పడుకుని ఉంది. గంట ఆయన చేతికి అందేంత దూరంలో, దిండు పక్కనే, పెట్టింది పెట్టినట్టు ఉంది.

"భవానీ, వైరు పీకు!"

భవాని పెరట్లోకి పరుగెత్తి కంప్రెసర్ వైరు లాగేసింది. అరుణ గొట్టాన్ని మిషనుకు మార్చి స్విచ్చి వేసింది. మిషను కీచుమని, గొంతు సవరించుకుని, గొణగడం మొదలుపెట్టింది. మామ వీపును ఆమె అరచేత్తో రాస్తూ ఉంది, ఏం చేస్తోందో ఆమెకు తెలియదు. అప్పుడు పెరటి గుమ్మంలో మురళీకృష్ణ కనిపించాడు. మూతికి గుడ్డ, చేతిలో రంగు తుపాకి, కనుబొమల మీద ఎర్రటి నూగు.

"ఎవరు పీకింది? ఒక్క నిమిషం అరుణా, బానెట్టు మధ్యలో ఉండా—"

అప్పుడు తండ్రిని చూశాడు. తుపాకిని కింద పెట్టడానికి చోటు వెతికాడు. నేల మీద పెట్టలేదు, మూతి చెడిపోతుందని కాబోలు, జాగ్రత్తగా కిటికీ గట్టు మీద పెట్టి, అప్పుడు మంచం దగ్గరికి పరుగెత్తాడు. ఆ ఒక్క క్షణం అరుణ చూసింది. తర్వాత ఎంత మరిచిపోదామన్నా అదే కనిపించేది.

అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో ఓబులయ్య బతికాడు. బతికాడు అనడానికి సరిపడా బతికాడు. ఇంతకు ముందు గోడ పట్టుకుని దొడ్డి దాకా నడిచేవాడు, ఇక నడవలేడన్నారు. దుమ్మూ రంగువాసనా సోకకూడదన్నారు. మిషను ఒక్క పూట కూడా ఆగకూడదన్నారు.

ఆసుపత్రికి బట్టలు తీసుకుపోవడానికి అరుణ ఇంటికి వచ్చింది. మామ పంచెలు మడుస్తుంటే మంచంకోడుకు ఎర్ర దారం ముక్క వేలాడుతూ కనిపించింది. తాళంచెవి లేదు. సిలిండరు తిప్పాక పక్కనెక్కడో పెట్టి ఉంటాడని మంచం కింద చూసింది, కిటికీలో చూసింది. తర్వాత షెడ్డులోకి నడిచింది.

తాళంచెవి బల్ల మీద ఉంది. గ్యాస్ వెల్డింగు గొట్టాల పక్కన. అక్కడ ఇంకో సిలిండరు ఉంది, ఒళ్ళూ మెడా మొత్తం నల్లనిది, ఆయన వెల్డింగు మంటకు ఆక్సిజన్ ఇచ్చేది. దానిమీద ముల్లు కూడా అడుగునే ఉంది. దానికి దుమ్ము పట్టి చాలా రోజులయినట్టుంది. కారు కింది పట్టీ మీద మాత్రం అతుకు కొత్తగా, ఇంకా నీలంగా మెరుస్తోంది.

ఆసుపత్రి నుంచి ఆమె వెనకే బండి మీద వచ్చిన మురళీకృష్ణ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"దేంతో అతికినావు ఇది?" అంది.

ఆయన చూపు బల్ల మీది తాళంచెవి మీదికి పోయింది.

"మామ గాలితో అతికినావా?"

"నా సిలిండరు అయిపోయింది. నింపించాలంటే ఒంగోలు పోవాల. ఒక్క అతుకే అరుణా. మీరు పోయినాక సాయంత్రం రవ్వంత వాడి మళ్ళీ పెట్టేసినా."

"దాని మీదికే మామను మార్చినావు."

"ముల్లు చూసినా. ఒక పూతకు చాలుతాదనుకున్నా."

తండ్రి ఊపిరిని ఈయన పూతల్లో కొలిచాడు. ఆ మాట అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఎందుకంటే ఆయన ఆమెను చూడటం లేదు. బానెట్టు మీద, పూత ఆగిపోయిన చోట, ఎరుపు మీద ఎరుపు గీత పడి ఉంది. ఆయన చూపుడువేలు ఆ గీత వెంట నెమ్మదిగా పోతోంది, పసిబిడ్డ ఒంటి మీద దెబ్బ చూస్తున్నట్టు. కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు దేనికోసమో అడగడానికి ఆమెకు భయమేసింది. కారు అందంగా ఉంది. అంత అందమైన వస్తువు ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

ఓబులయ్యను ఇంటికి తెచ్చిన రోజు, కాళ్ళకు కొబ్బరినూనె రాస్తూ ఆమె అడిగింది.

"మామా, గంట ఎందుకు కొట్టలేదు?"

ఆయన కళ్ళు మూసుకునే చెప్పాడు.

"వినపడతాండె గదమ్మీ... రంగు కొట్టేది. ష్ అని... ఒక్క తీరుగా. వాడు పూత మధ్యలో ఉన్నింటాడు."

"ఉంటే?"

"పొర లేచినాక... ఆపగూడదు గదా." ఆయన నవ్వబోయాడు. "అయిపోనీలే అని... పట్టుకున్నా. కొంచెమే గదా అని."

అరుణ నూనె చేయి ఆగిపోయింది. కొంచెమే గదా. ఆ గొంతు తండ్రిదో కొడుకుదో ఆమెకు ఒక్క క్షణం తెలియలేదు. కొడుకు ఆపలేడు, తండ్రి ఆపనివ్వడు. మళ్ళీ వాన పడుతుంది, మళ్ళీ దుమ్ము అణుగుతుంది. గంట మళ్ళీ దిండు పక్కన మోగకుండా ఉంటుంది. ఆమె లేచి గంటను చేతిలోకి తీసుకుంది, నాలుకను వేళ్ళతో పట్టుకుని, చప్పుడు కాకుండా.

మురళీకృష్ణ అప్పట్నుంచి బుద్ధిగా ఉన్నాడు. దుకాణం తెరిచాడు. తండ్రికి గడ్డం గీశాడు, స్నానానికి నీళ్ళు మోశాడు. షెడ్డుకు తాళం వేసి తాళంచెవి తానే అరుణ చేతికిచ్చాడు. "కరెంటోళ్ళకు చెప్తా, షెడ్డుకు వేరే లైను వేయిస్తా," అన్నాడు. ఆమె ఊఁ అంది. అన్నం తినేటప్పుడు మాత్రం ఆయన బొటనవేలు కంచం అంచు మీద ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, దేన్నో నునుపు చేస్తున్నట్టు తిరిగేది. ఎముకలు తేలుతున్నాయి. సినిమా చూసినా, టీవీ చూసినా, చూపు పెరటి తలుపు మీద ఉండేది.

ఒక శనివారం మధ్యాహ్నం జల్లు పడింది. ఆదివారం తెల్లవారి ఎండ కాసింది. అరుణ మామ పాత పంచె చింపి కుట్టిన గుడ్డ వేసి ఇడ్లీ పోసింది, అల్లం పచ్చడి నూరింది. ఓబులయ్య మంచం పక్కనే చాపలేసి కూర్చున్నారు, ఆయనతో కలిసి తిన్నట్టుంటుందని. భవాని తాతకు ఇడ్లీ చిదిపి పెడుతోంది. మిషను గొణుగుతోంది. మురళీకృష్ణ రెండు ఇడ్లీలు తిని, మూడోదాన్ని పచ్చడిలో అద్ది, నోట్లో పెట్టుకోకుండా కిటికీలోంచి బయటికి చూశాడు.

"గాలి లేదు," అన్నాడు.

అరుణ ఆయన కంచంలో ఇంకో ఇడ్లీ వేసింది.

"అరుణా, కోప్పడొద్దు. బానెట్టొక్కటే. ఆ గీత అట్లే వదిలేస్తే చేసిందంతా దండగే. అరగంట. నాయనను పక్కింటి వసారాలో పండబెడదాం, మిషను వాళ్ళ కరెంటుకు పెడదాం. నేనే మోసుకపోతా. అది అయిపోతే ఒట్టు, ఇంక దాని మొగం చూడను."

"పోనీలే అమ్మీ," అన్నాడు ఓబులయ్య మంచం మీంచి. "అరగంటే... గదా. వాడు... తినలేకుండా ఉండాడు."

భవాని చేతిలో ఇడ్లీ ముక్క అట్లాగే ఉండిపోయింది. తల్లి వైపు చూసింది.

అరుణ తన కంచం పక్కకు జరిపింది. చేయి కడుక్కోలేదు.

"మామను రేపు పొద్దున గిద్దలూరు తీసుకపోతన్నా," అంది. "మా అమ్మ దగ్గరికి. అంబులెన్సుకు చెప్పినా. ముందు గది ఖాళీ చేసి పెట్టింది, మిషనుకు ఇన్వర్టరు గూడా తెప్పించింది. భవాని రైలుకు కాలేజీకి వస్తా పోతా ఉంటాది. నేను అక్కడే ఉంటా."

"ఎన్నాళ్ళు?" అన్నాడు మురళీకృష్ణ.

"మామ ఉన్నన్నాళ్ళు. తర్వాత సంగతి నాకు తెలీదు, బావా. ఇప్పుడడగొద్దు."

"కొడుకుండగా చెల్లెలింటికి పోయినాడంటారు నాయన్ని."

"అంటారు. నేను తీసుకపోయినానని చెప్పు."

ఆమె లేచింది. షెడ్డు తాళంచెవిని కొంగు ముడి విప్పి, ఆయన కంచం పక్కన చాప మీద పెట్టింది.

"రేపు మధ్యాహ్నం నుంచి ఇల్లంతా నీదే. కరెంటు గూడా."

మురళీకృష్ణ తాళంచెవిని ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఉండటానికి ఎడంచేతిని తొడ కింద పెట్టుకోవడం భవాని చూసింది, తలొంచుకుంది.

ఓబులయ్య చాలాసేపు కొడుకునే చూస్తూ ఉన్నాడు. గనిలో పనివాడు విరిగిన దిమ్మను చూసినట్టు, కోపం లేకుండా. తర్వాత కోడలి వైపు తిరిగాడు.

"గంట... తీసుకోవాల్నా అమ్మీ?"

"వద్దు మామా. నీ మంచం పక్కనే పండుకుంటా."